మెట్ల పెట్టె, పలక డబ్బాలు

గాలం వేసేవాళ్ల సామాను ఇవాళ రెండు రకాలుగా కనిపిస్తుంది. ఒకటి పాత పద్ధతి: పిడి పట్టుకుని మోసే పెద్ద పెట్టె. మూత ఎత్తగానే లోపలి అరలు మెట్లు మెట్లుగా విచ్చుకుంటాయి. రెండోది, భుజానికి తగిలించుకునే సంచీలో నిలువుగా దోపుకునే పల్చటి పారదర్శకపు డబ్బాలు. ఏది మేలన్న చర్చ మామూలుగా ధర, బరువు దగ్గరే ఆగిపోతుంది. నేను చూసేది వేరు. సామానును ఏ వరసలో సర్దుకోమని ఒక్కో పెట్టె మనకు నేర్పుతోంది?

మెట్ల పెట్టె పోలికను బట్టి సర్దమంటుంది. స్పూన్లన్నీ ఒక అరలో, క్రాంక్‌బెయిట్లన్నీ మరో అరలో, స్వివెళ్లు, స్నాపులు చిన్న గళ్లలో, అడుగున రీలు, పట్టకారు. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ప్లేనో అనే ఊళ్లో మొదలైన ప్లేనో కంపెనీ ఇలాంటి ప్లాస్టిక్ పెట్టెలతోనే పేరు తెచ్చుకుంది. పడవలో కూర్చుని, ఒకే సరస్సులో రకరకాల ఎరలు మార్చి మార్చి చూసే మనిషికి అది చక్కగా అమరింది. పెట్టె పడవలో కదలకుండా ఉంటుంది, ఒక్కసారి తెరిస్తే ఉన్నదంతా కళ్లెదుట ఉంటుంది. ఆ ‘అంతా ఒకేసారి కనబడటం’ దాని అసలు అందం. దాన్ని నేను తక్కువ చేయను.

అయితే మన చెరువు గట్టు మీద మనిషి కూర్చోడు, నడుస్తాడు. కొర్రమీను కోసం వెళ్లినవాడు తామరాకుల సందులు వెతుక్కుంటూ గట్టంతా తిరుగుతాడు. అతని వెంట మెట్ల పెట్టె ప్రతి పది అడుగులకూ కిందికి దిగాలి. ఏటవాలు గట్టు మీద అరలు పూర్తిగా విచ్చుకుంటే బరువు ఒకవైపు పడి పెట్టె ఒరుగుతుంది. గడియ పడలేదని చూసుకోకుండా పిడి పట్టి ఎత్తితే గాలాలన్నీ గడ్డి పాలు. అడ్డుపలక కింద కాస్త సందుంటే చాలు, నెంబరు చూసి కొన్న చిన్న గాలాలు పక్క గదిలోకి జారి కలిసిపోతాయి.

పలక డబ్బాల్లో 3700 అనే సైజు బాగా వాడుకలో ఉంది: సుమారు 14 అంగుళాల పొడవు, 9 అంగుళాల వెడల్పు. దాని కంటే చిన్నది 3600. వీటిని కొన్నవాళ్లలోనూ చాలామంది స్పూన్లకో డబ్బా, పాపర్లకో డబ్బా అంటూ రకం ప్రకారమే నింపుతారు. అప్పుడు పాత పెట్టె ముక్కలై సంచీలోకి చేరిందే తప్ప సర్దుబాటు మారలేదు. ఒక్క కొర్రమీను కోసం నాలుగు డబ్బాలూ మోయాల్సిందే.

పలక డబ్బాకు అసలు బలం నీటిని బట్టి నింపినప్పుడే వస్తుంది. కొర్రమీను డబ్బా అంటే అందులో బోలు కప్ప ఎరలు నాలుగైదు, గట్టి స్నాపులు, విడి జంట గాలాలు. కప్ప వీపుకు గాలాలు పైకి చూస్తూ ఆనుకుని ఉంటాయి కాబట్టి నాచు మీదుగా తట్టుకోకుండా వస్తుంది. చేప నోట నొక్కుకున్నప్పుడే మొనలు బయటపడతాయి. ఆ నీళ్లలో మూడు మొనల గాలాలున్న క్రాంక్‌బెయిట్‌కు పనే లేదు, మరి దాన్ని మోసుకెళ్లడమెందుకు? కోరంగి వైపు ఉప్పుటేరులో పండుగప్ప కోసమైతే డబ్బా పూర్తిగా వేరు. గట్టి మిన్నో ఎరలు, జిగ్ తలలు, వాటికి తొడిగే మెత్తటి చేపలు, మందపాటి లీడరు దారం అందులో ఉండాలి. పండుగప్ప మొప్పల అంచు సన్న దారాన్ని కోసేస్తుంది కనుక లీడరు మరిచిపోతే మిగతా సామానంతా ఉన్నా దండగే. రెండు నీళ్లు, రెండు డబ్బాలు. బయల్దేరేటప్పుడు ఒకటి తీసుకుంటే చాలు.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1496లో వింకిన్ డి వర్డ్ ఇంగ్లండులో అచ్చువేసిన గాలపు వేట గ్రంథం, జూలియానా బెర్నర్స్ పేరుతో చలామణీ అయినది, 12 కృత్రిమ ఈగలను చెబుతూ వాటిని మార్చి నుంచి ఆగస్టు దాకా నెలల వారీగా వరసపెట్టింది. 1676లో ఐజాక్ వాల్టన్ పుస్తకానికి రెండో భాగం రాసిన చార్లెస్ కాటన్ ఆ జాబితాను 65కు పెంచాడు, అదీ నెలల ప్రకారమే. రంగును బట్టో ఈకను బట్టో కాదు, ఏ నెలలో ఏరు మీద ఏ పురుగు ఎగురుతుందో దాన్ని బట్టి. మన వంటింటి పోపుల డబ్బాకూ ఇదే లెక్క. ఆవాలకూ ఎండుమిరపకూ రూపంలో పోలిక లేదు, నూనెలోకి కలిసి వెళ్తాయి కాబట్టి పక్కపక్కన ఉన్నాయి. సామాను సర్దడంలో ఇంతకన్నా తెలివైన సూత్రం నాకు కనిపించలేదు.

ఒక విషయంలో మాత్రం పలక డబ్బాను గుడ్డిగా నమ్మకూడదు. మూత చుట్టూ రబ్బరు పట్టీ ఉన్న డబ్బా బయటి నీటిని ఎంత గట్టిగా ఆపుతుందో లోపలి చెమ్మనూ అంతే గట్టిగా పట్టి ఉంచుతుంది. తడి ఎర ఒక్కటి లోపల పడినా పక్క గదుల గాలాలకూ తుప్పు పాకుతుంది. బోలు కప్ప పొట్టలోకి గాలం దూరిన సందు గుండా నీరు చేరుతుంది, అందుకే పిండి ఆరబెట్టాకే లోపల పెట్టాలి. ఉప్పునీటిలో వాడినవైతే ముందు మంచినీటితో కడగాలి. ఈ విషయంలో మెట్ల పెట్టే నయం. ఇంటికొచ్చి మూత తెరిచి నీడన పెడితే అరలన్నిటికీ ఒకేసారి గాలి తగులుతుంది.

మెత్తటి ప్లాస్టిక్ ఎరల సంగతి వేరు, అవి రెండిటికీ చిక్కే. నిక్ క్రీమ్ 1949లో ఓహాయోలోని ఆక్రన్‌లో మెత్తటి ప్లాస్టిక్ పురుగును తయారుచేశాక, ఆ మెత్తదనాన్నిచ్చే నూనె కొన్ని రకాల గట్టి ప్లాస్టిక్ అరలను కరిగించి జిగురుగా మార్చేది. ఇవాళ్టి మంచి పెట్టెలు దాన్ని తట్టుకుంటాయి. అయినా ముదురు రంగు ఎర పక్కనున్న లేత రంగు ఎరకు రంగు అంటిస్తుంది. రంగు పూసిన గట్టి ఎర మీద పడితే పూతనూ తినేస్తుంది. వాటిని వచ్చిన కవర్లలోనే ఉంచడం మేలు.

మెట్ల పెట్టె తిరుగులేకుండా గెలిచే చోటు ఒకటుంది. బొచ్చె, శీలావతి కోసం పిండి ముద్ద కట్టి గంటల తరబడి ఒకే చోట కూర్చునే వేటలో కావలసినవన్నీ చిన్న చిన్న వస్తువులే: స్ప్రింగులు, బెండ్లు, రకరకాల నెంబర్ల గాలాలు, సీసపు గుండ్లు. చీకటి పడుతున్న వేళ చెయ్యి చాచితే ఏ అరలో ఏముందో వేళ్లకే తెలుస్తుంది. పక్కన పిల్లలు ఉంటే ఒక్కొక్క వస్తువూ చూపిస్తూ పేర్లు నేర్పడానికీ ఇదే అనువు. ఆ వేటకు సంచీ, డబ్బాలు అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఇక సీసం. హంసలు గుండ్లు మింగి చనిపోతున్నాయని బ్రిటన్‌లో 1987లో చాలా సైజుల సీసపు గుండ్ల వాడకాన్ని నిషేధించారు. మన దగ్గర ఇంకా అవే వాడుతున్నాం. చాలామంది చీలిక గుండ్లను పంటితోనే నొక్కుతారు. పెట్టె ఏదైనా సరే, గుండ్లకు మూత ఉన్న విడి డబ్బీ, దాని పక్కనే ఒక పట్టకారు ఉండి తీరాలి. ఎరల పిండి, తినుబండారాలు అదే పెట్టెలో పెట్టకూడదు.