బొంత కుట్టే వేళ్లు

బొంత కుట్టే పనితనం చూస్తుంటే నాకెప్పుడూ అబ్బురమే. ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు చీరల్నే ఎంచుకుంటారు. పట్టు అయితే జారిపోతుంది. గచ్చు మీద పొరలు పరిచి, ముడతల్ని అరచేత్తో అంచుల దాకా తోసి, గుడ్డ కదలకుండా ముందు పొడుగు కుట్లు వేస్తారు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు నాలుగు పొరలు చాలు, పసిబిడ్డ పక్కకు సరిపోయేంత. అంతకన్నా మందమైతే సూది తేలిగ్గా దిగదు, వేళ్లు నొప్పెడతాయి. చీర అంచు వెంట మొదలుపెడితే వరస వంకర పోదు. దారం మరీ లాగితే గుడ్డ ముడుచుకుంటుంది, వదులుగా ఉంటే కాలివేళ్లకు తగులుకుంటుంది. ఆ బిగువు మాటలతో నేర్పేది కాదు, కుట్టగా కుట్టగా వేళ్లకు పట్టుబడేది. అలా పట్టుబడిన అమ్మమ్మల బొంతలు పలచగానే ఉన్నా ఎంత వెచ్చనో! దూది పరుపులా ఏకించక్కర్లేదు. పొద్దున ఉతికి ఎండలో ఆరేస్తే రాత్రికి మళ్లీ బిడ్డ కింద పరవచ్చు.