గోచీ, పిల్లి, గ్రాఫిక్స్ కార్డ్

గోచీని ఎలుకలు కొరుకుతున్నాయని సన్యాసి పిల్లిని తెచ్చుకున్నాడు. పిల్లికి పాల కోసం ఆవు, ఆవును మేపడానికి మనిషి, చివరికి సంసారం. కౌపీన సంరక్షణార్థం నడిచిన ఈ కథ మనకు తెలిసిందే. పాత గేమింగ్ కంప్యూటర్‌కి కొత్త గ్రాఫిక్స్ కార్డ్ కొందామని బయల్దేరినవాడి కథా ఇంతే. కొత్త కార్డ్ 8 పిన్ల పవర్ కనెక్టర్ అడుగుతుంది. పాత ఎస్‌ఎంపీఎస్‌లో ఉన్నది 6 పిన్లది. సరే, అది మార్చాడు. కార్డ్ పొడవుకి క్యాబినెట్ చాలలేదు. అదీ మార్చాడు. తీరా చూస్తే ఆ కార్డ్‌కి తగ్గట్టు పని అందించే ఓపిక పాత ప్రాసెసర్‌కి లేదు. కొత్త ప్రాసెసర్ అంటే కొత్త బోర్డు, కొత్త బోర్డు అంటే చాలావరకు డీడీఆర్5 ర్యామ్. ఇరవై వేలలో తేలుతుందనుకున్న ముచ్చట ఎక్కడికి పోయి ఆగుతుందో చెప్పలేం.

అందుకే ఎవరైనా సలహా అడిగితే నేను ధరకంటే ముందు ఒకటి చూస్తాను. ఈ పార్ట్ తన వెంట ఇంకేం కొనిపిస్తుంది? అదీ కలుపుకుంటేనే అసలు ధర తెలిసేది.

మా మేనల్లుడి మెషీన్ 2018లో సికింద్రాబాద్ సీటీసీలో అసెంబుల్ చేయించింది. రైజెన్ 5 2600 ప్రాసెసర్, బీ450 బోర్డు, జీటీఎక్స్ 1060 కార్డ్, 8 జీబీ ర్యామ్ ఒకే స్టిక్.

"మామయ్యా, ఆర్‌టీఎక్స్ 3060 వేసేస్తే అయిపోతుంది కదా?" అన్నాడు.

"ఎక్కువ ఏం ఆడతావురా?"

"కౌంటర్ స్ట్రైక్ 2. స్మోక్ పడిందంటే చాలు, బొమ్మ ఆగి ఆగి కదులుతుంది."

ఆట నడుస్తుండగా ఏ పార్ట్ ఎంత పని చేస్తోందో తెర మూలన చూపించే ప్రోగ్రామ్‌లు ఉచితంగానే దొరుకుతాయి. ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ పెట్టి ఆడమన్నాను. స్మోక్ గ్రెనేడ్ పడి నలుగురూ ఒక్కచోట కాల్చుకునే వేళకి ఫ్రేములు 60 కిందికి జారాయి. సరిగ్గా అప్పుడు గ్రాఫిక్స్ కార్డ్ వాడకం 60 శాతం దాటలేదు. కార్డ్ 97, 98 దగ్గర ఉక్కిరిబిక్కిరి అవుతుంటే తప్పు దానిదే అనుకోవచ్చు. ఇక్కడ అది చేతులు కట్టుకుని కూర్చుంది.

సెకనుకి 60 ఫ్రేములు రావాలంటే ఒక్కో ఫ్రేముకి దక్కేది 16.7 మిల్లీసెకన్లు. ఎవడు ఎక్కడున్నాడు, తూటా ఎవరికి తగిలింది అన్న లెక్క ప్రాసెసర్ తేలుస్తుంది, బొమ్మ కార్డ్ గీస్తుంది. లెక్క ఆలస్యమైతే ఎంత ఖరీదైన కార్డయినా గీయడానికేం ఉండదు. అదే మెషీన్లో సైబర్‌పంక్ 2077 పెడితే వ్యవహారం తిరగబడుతుంది, కార్డ్ 99 శాతానికి ఎక్కి కూర్చుంటుంది. కాబట్టి అందరికీ పనికొచ్చే అప్‌గ్రేడ్ అంటూ ఒకటి ఉండదు. వాడు రోజూ రాత్రి ఏం ఆడతాడో దాన్ని బట్టే తేల్చాలి.

ముందు డబ్బు పడని పనులు చూశాం. ఫ్యాన్లలో పేరుకున్న దుమ్ము దులిపాం. 3000 వేగానికని కొన్న ర్యామ్ ఇన్నేళ్లూ 2400 దగ్గరే నడుస్తోంది, బయోస్‌లో ఎక్స్ఎంపీ ఆన్ చేస్తే దారికొచ్చింది. తర్వాత అలాంటిదే ఇంకో 8 జీబీ స్టిక్ వేశాం. ఒక్క స్టిక్ అయితే ర్యామ్‌కి దారి ఒకటే, రెండో స్టిక్‌తో రెండో దారి తెరుచుకుంటుంది. 2025 చివర్లో ర్యామ్ ధరలు మండిపోయాయి కనుక సెకండ్ హ్యాండ్‌దే తీసుకున్నాం.

ఇక ప్రాసెసర్. ఏఎం4 సాకెట్‌ని ఏఎండీ ఏళ్ల తరబడి మార్చలేదు. 2022లో వచ్చిన రైజెన్ 5 5600 కూడా ఆ బీ450 బోర్డులోనే కూర్చుంటుంది. పాత చిప్ ఉండగానే బయోస్ అప్‌డేట్ చేసుకోవాలి, అంతే. రెండూ 65 వాట్లవే, కూలర్ గానీ ఎస్‌ఎంపీఎస్ గానీ కొత్తది కొనక్కర్లేదు. ఖర్చు అక్కడితో ఆగింది. అదే 7వ తరం ఇంటెల్ మెషీన్ అయ్యుంటే నా మాట వేరేలా ఉండేది. 8వ తరం చిప్‌కే వేరే బోర్డు కావాలి. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, విండోస్ 11 జాబితాలో 7వ తరం చిప్‌లు దాదాపుగా లేవు. అలాంటిదానికి అతుకులేయడం కన్నా డబ్బు కూడబెట్టుకోవడం మేలు.

కూలర్ తీసేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఏళ్లనాటి థర్మల్ పేస్ట్ గట్టిపడి చిప్‌ని పట్టేసుకుంటుంది. నిట్టనిలువుగా లాగితే లివర్ వేసి ఉన్నా సరే, ప్రాసెసర్ సాకెట్‌లోంచి ఊడి కూలర్‌తో పాటే వచ్చేస్తుంది. కింద ఉన్న సన్నటి పిన్నులు వంగితే వాటిని సరిచేయడం ఓ యజ్ఞం. కాసేపు ఆట ఆడించి, పేస్ట్ వేడెక్కాక కంప్యూటర్ ఆపి, స్క్రూలు విప్పి, కూలర్‌ని కాస్త అటూ ఇటూ తిప్పితే మెత్తగా విడిపోతుంది.

ఇప్పుడు స్మోక్‌లోనూ ఫ్రేములు 60 కిందికి రావడం లేదు. సగటు ఎంత పెరిగిందని నేను చూడను, కళ్లకి తెలిసేది కింది అంకే. పెట్టుకున్న డబ్బులో కొంత మిగిలింది కూడా. వాడి చూపు వెంటనే మానిటర్ మీద పడింది.

"ఇది 60 హెర్ట్జ్‌దే మామయ్యా. 144ది కొంటే ఈ ఫ్రేములన్నీ కనబడతాయి."

మాట నిజమే. బడ్జెట్ ఉన్నదంతా ఖర్చుపెట్టి తీరాలన్న రూలు మాత్రం లేదు.

"ఇప్పుడు ఆట ఎక్కడైనా ఆగుతోందా?"

"లేదు."

"ఆగినప్పుడు అడుగు."