క్రాకెన్ వెనుక ఏ జంతువు? ఒక సముద్ర ఐతిహ్యాన్ని చదివే పద్ధతి

కిందటి భాగంలో ఐతిహ్యానికీ కట్టుకథకూ ఉన్న తేడా చూశాం. "అనగనగా" అని మొదలయ్యే కథను చెప్పేవాడూ నిజమనడు, వినేవాడూ నిజమా అని అడగడు. ఐతిహ్యం అలా కాదు. ఫలానా ఊళ్లో, ఫలానా ఏట, ఫలానా మనిషి కళ్లారా చూశాడు అనే పూచీతో అది నడుస్తుంది. అందుకే సముద్రంలోని వింత జంతువుల గురించి వినగానే "ఇంతకీ వాళ్లు చూసింది దేన్ని?" అనే ప్రశ్న ఎవరికైనా పుడుతుంది. మంచి ప్రశ్నే. అయితే దానికి తొందరపడి చెప్పిన జవాబు అసలు పాఠాన్నే చదవనివ్వదు. ఈ భాగంలో నేను చెప్పబోయేది ఈ ఇబ్బంది గురించే.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను దిద్దిన జవాబు పత్రాల్లో ఒక వాక్యం మళ్లీ మళ్లీ కనిపించేది: "క్రాకెన్ అంటే జెయింట్ స్క్విడ్." దానికి సగం మార్కులే వేసేవాణ్ణి. కాంటాక్టు తరగతుల్లో కొందరు నిలదీసేవారు కూడా. "పుస్తకాల్లో అలాగే ఉంది కదా సార్, తప్పేముంది?" అని. తప్పని నేను అనలేదు. సగమే అన్నాను. ఆ లెక్క ఎలా వచ్చిందో మీరే చూడండి.

క్రాకెన్ నార్వే తీరపు జాలర్ల మాట. దాన్ని గురించిన అతి ప్రసిద్ధమైన వర్ణన ఎరిక్ పొంటోపిడాన్ రాసిన నార్వే ప్రకృతి చరిత్రలో ఉంది. ఆయన బెర్గెన్ నగరపు బిషప్పు. గ్రంథం 1752-53లో డేనిష్ భాషలో అచ్చయింది, 1755లో ఇంగ్లీషులోకి వచ్చింది. సినిమాల్లో చూసిన క్రాకెన్‌ను కాసేపు పక్కన పెట్టి ఆయన చెప్పింది వినండి.

వేసవిలో జాలర్లు తీరం నుంచి కొన్ని మైళ్లు పడవ వేసుకుని పోతారు. అక్కడ 80 నుంచి 100 బారల లోతు ఉండాలని వాళ్లకు తెలుసు. (బార అంటే రెండు చేతులూ చాచినంత, సుమారు 6 అడుగులు.) తాడు వదిలి చూస్తే 20, 30 బారలే తగులుతుంది. ఆ చోట చేపలు విపరీతంగా పడతాయి. అడుగున క్రాకెన్ ఉందని వాళ్లు గ్రహిస్తారు. ఇంకా తాడు వేసి చూస్తూనే ఉంటారు. లోతు అలాగే ఉన్నంతసేపు చేపలు పడతారు. తగ్గుతోందంటే క్రాకెన్ పైకి లేస్తోందన్నమాట, వెంటనే తెడ్లు వేసి దూరంగా వెళ్లిపోతారు. అప్పుడు దాని వీపు నీటి పైకి తేలుతుంది. చుట్టుకొలత ఒకటిన్నర ఇంగ్లీషు మైళ్లు, అంటే దాదాపు 2.4 కిలోమీటర్లు. చూడటానికి చిన్న చిన్న దీవుల గుంపులా ఉంటుంది. ఓడ స్తంభాలంత ఎత్తున కొమ్ముల వంటివి లేస్తాయి. అది మునిగేటప్పుడు నీరు సుడి తిరుగుతుంది. ఎవరికైనా ఆ రోజు చేపలు బాగా పడితే, క్రాకెన్ మీద పట్టి ఉంటారని తోటివాళ్లు అనేవారట.

ఈ వర్ణనలో దేనికి ఎంత చోటు దక్కిందో గమనించారా? ఆ కొమ్ములు దాని చేతులేమో, అవి పట్టుకుంటే ఎంత పెద్ద యుద్ధనౌకనైనా కిందికి లాగేస్తాయంటారు అని పొంటోపిడాన్ ఒక్క మాట అంటాడు. అది కూడా "అంటారు" అనే చెబుతాడు. మిగతా చోటంతా లోతు, చేపలు, ఎప్పుడు ఉండాలి, ఎప్పుడు తప్పుకోవాలి అన్న విషయాలకే పోయింది. ఇందులో భయం కంటే వృత్తి ఎక్కువ కనిపిస్తుంది. ఉన్నట్టుండి లోతు తగ్గే చోట చేపలు దొరుకుతాయి. అదే చోట పడవకు ప్రమాదమూ ఉంటుంది. ఈ రెండు సంగతులనూ ఒక జంతువు రూపంలో గుర్తుపెట్టుకున్నారని నాకనిపిస్తుంది.

ఇప్పుడు జెయింట్ స్క్విడ్‌ను ఈ వర్ణన పక్కన పెట్టండి. ఇది ఆక్టోపస్‌కు దగ్గరి చుట్టం. ఎనిమిది చేతులు, వాటికి తోడు రెండు పొడవాటి స్పర్శకాలు, మధ్యలో చిలక ముక్కు లాంటి నోరు. స్పర్శకాలతో కలిపి కొలిస్తే పెద్దవి 12, 13 మీటర్ల దాకా ఉంటాయి. వందల మీటర్ల లోతున బతుకుతుంది. పైకి తేలి మనిషికి కనిపించేది చాలావరకు చచ్చినదో, చావబోతున్నదో. 13 మీటర్ల జంతువు 2.4 కిలోమీటర్ల జంతువు కావడం నాకు పెద్ద అభ్యంతరం కాదు. నోట నోట పడితే ఏదైనా పెరుగుతుంది. నా అభ్యంతరం దాని నడవడి గురించి. దీవిలా తేలడం, తన మీదికి చేపల గుంపులను రప్పించుకోవడం, ఈ రెండూ స్క్విడ్ లక్షణాలు కావు. పొంటోపిడాన్ వర్ణనలో ఎక్కువ భాగం ఈ రెండే.

మరి అవి ఎక్కడివి? ఇంకా 500 ఏళ్లు వెనక్కి వెళ్లాలి. 13వ శతాబ్దిలో నార్వేలో 'రాజదర్పణం' అనే అర్థం వచ్చే పేరుతో ఒక గ్రంథం పుట్టింది. తండ్రి కొడుకుకు లోక విషయాలు చెప్పే సంవాదం అది. అందులో హఫ్‌గూఫా అనే ప్రాణి ఉంది. చూడటానికి చేప కంటే దీవిలా ఉంటుంది. ఆకలైతే పెద్దగా త్రేన్చి, మేతను పైకి కక్కుతుంది. ఆ వాసనకు చేపలు గుంపులుగా వచ్చి, తెరిచిన నోట్లోకి తామే దూరతాయి. నిండగానే అది నోరు మూస్తుంది. చాలా కాలం పండితులు దీన్ని ఉత్త కల్పన కింద కొట్టేశారు.

తర్వాత జరిగింది వినండి. 2011లో కెనడా పశ్చిమ తీరాన వాంకూవర్ దీవి దగ్గర హంప్‌బ్యాక్ తిమింగలాలు నీటి పైభాగాన నోరు బార్లా తెరిచి కదలకుండా ఉండటం పరిశోధకులు చూశారు. పక్షులకు భయపడిన చిన్న చేపలు అదేదో చాటు అనుకుని ఆ నోట్లోకే చేరుతున్నాయి. థాయ్‌లాండ్ సింధుశాఖలో బ్రైడ్స్ తిమింగలాలు కూడా నీటిలో నిటారుగా నిలబడి ఇలాంటి పనే చేస్తాయని తేలింది. 2023లో ఆస్ట్రేలియాలోని ఫ్లిండర్స్ విశ్వవిద్యాలయ పరిశోధకుల బృందం ఈ నడవడినీ హఫ్‌గూఫా వర్ణననూ పక్కపక్కన పెట్టి చూపింది. శాస్త్రం మొన్న మొన్న నమోదు చేసుకున్న విషయం 13వ శతాబ్ది పుస్తకంలో ఉందన్నమాట! వాసనతో చేపలను రప్పించే ఈ పాత సంగతిని పొంటోపిడాన్ కొంత మార్చి తన క్రాకెన్‌కూ అంటగట్టాడు. కాబట్టి క్రాకెన్ కథలో అడుగు పొర తిమింగలానిదని నేనంటాను.

చేతుల పొర మీద పడింది ఆ తర్వాతే. 1802 ప్రాంతంలో పియేర్ దెనీ ద మోంఫోర్ అనే ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త ఓడ స్తంభాలను చేతులతో చుట్టేసిన మహా ఆక్టోపస్ బొమ్మను అచ్చు వేశాడు. సెయింట్ మాలో పట్టణంలో నావికులు మొక్కుబడిగా చర్చికి ఇచ్చిన చిత్రం దానికి ఆధారమని చెప్పుకున్నాడు. 1861 నవంబర్ 30న అలెక్టాన్ అనే ఫ్రెంచి నౌక కెనరీ దీవుల దగ్గర నిజంగానే ఒక భారీ స్క్విడ్‌ను ఎదుర్కొంది. ఉచ్చు వేసి లాగితే తాడు శరీరాన్ని కోసేసింది, తోక ముక్క మాత్రమే చేతికి వచ్చింది. ఆ ఘటన జూల్ వెర్న్ 1870 నాటి సముద్రయాన నవలలోకి ఎక్కింది. ఇవాళ సినిమా చూపించే క్రాకెన్ ఈ బొమ్మకూ ఈ నవలకూ వారసురాలు. బెర్గెన్ జాలర్లతో దానికి చుట్టరికం తక్కువ.

అంత మాత్రాన స్క్విడ్ వాదాన్ని తీసిపారేయకండి. అందుకే సగం మార్కులు. అలెక్టాన్ కెప్టెన్ నివేదికను పారిస్ పండితులు అనుమానంగా చూశారు. అప్పటికే 1857లో డెన్మార్క్‌కు చెందిన యాపెటస్ స్టీన్‌స్ట్రప్ ఈ జంతువుకు ఆర్కిట్యూథిస్ అని శాస్త్రీయ నామం పెట్టాడు. ఆయన దగ్గర ఉన్న ముఖ్యమైన ఆధారం ఒడ్డుకు కొట్టుకొచ్చిన దాని ముక్కు. మిగతా శరీరాన్ని జాలర్లు ముక్కలు చేసి ఎరగా వాడేసుకున్నారు. 1873లో న్యూఫౌండ్‌లాండ్‌లో జాలర్లు నరికి తెచ్చిన 19 అడుగుల స్పర్శకాన్ని మోజెస్ హార్వే అనే మతాచార్యుడు కొన్నాడు. కొద్ది వారాలకే వలలో పడిన మరో స్క్విడ్‌ను కొని, స్నానాల తొట్టి పైనున్న కడ్డీకి వేలాడదీసి ఫోటో తీయించాడు. ప్రాణంతో ఉన్నదాన్ని సముద్రంలోనే ఫోటో తీయడానికి 2004 దాకా ఆగాల్సి వచ్చింది. జపాన్ శాస్త్రవేత్త త్సునెమి కుబోదెరా ఒగసవర దీవుల దగ్గర 900 మీటర్ల లోతున ఆ పని చేశాడు. చదువుకున్నవాళ్లు కల్పన అన్న జంతువును చదువులేని జాలర్లు వలలో, పడవలో, చేతులతో ఎరిగే ఉన్నారు. ఐతిహ్యాన్ని చదివేటప్పుడు ఈ సంగతి మనసులో ఉంచుకోవాలి.

అయితే కళ్లారా చూసినంత మాత్రాన సరిపోదని చెప్పే ఉదాహరణ కూడా ఒకటి ఉంది. 1808లో స్కాట్లాండ్‌కు ఉత్తరాన స్ట్రాన్సే దీవి ఒడ్డుకు ఒక కళేబరం కొట్టుకొచ్చింది. కొలిచినవాళ్లు 55 అడుగులన్నారు. పొడవాటి మెడ, చిన్న తల, జూలు, ఆరు కాళ్లు! ఎడిన్‌బరో పండితులు ఇది కొత్త జంతువని నిర్ణయించి శాస్త్రీయ నామం కూడా పెట్టారు. ఆ పేరులో పొంటోపిడాన్ పేరునే చేర్చారు. లండన్‌లో ఎవరార్డ్ హోమ్ అనే శరీర శాస్త్రజ్ఞుడు మాత్రం దాని వెన్నుపూసలు చూసి, ఇది బాస్కింగ్ షార్క్ అనే పెద్ద సొరచేప అన్నాడు. ఆ సొర కుళ్లినప్పుడు దవడా మొప్పలూ ముందుగా ఊడిపోతాయి. చిన్న పుర్రె, వెన్నెముక మిగులుతాయి. అదే "మెడ". వాజాల పీచు చీలి "జూలు" అవుతుంది. వాజాలూ, మగదానికి పొట్ట కింద ఉండే జత అవయవాలూ కలిసి "కాళ్లు" అవుతాయి. ఇక్కడ ఎవరూ అబద్ధం ఆడలేదు. 55 అడుగులు ఆ సొరకు ఎక్కువే. కొలతలో కొంత ఉత్సాహం కలిసి ఉంటుంది. 1977లో జపాన్ చేపల ఓడ జుయియో మారు న్యూజిలాండ్ దగ్గర పైకి లాగిన "రాక్షసి" కథా ఇలాంటిదే. కణజాలాన్ని పరీక్షిస్తే అది కూడా సొర వైపే చూపింది.

ఇక జంతువును గుర్తుపట్టే పనిలో ఉండే ప్రమాదం. 16వ శతాబ్ది మధ్యలో డెన్మార్క్, స్వీడన్‌ల మధ్య జలసంధిలో "సముద్ర సన్యాసి" దొరికిందన్నారు. 1554లో రోండెలే తన చేపల గ్రంథంలో బొమ్మ కూడా వేశాడు: గుండు తల, పొడవాటి అంగీ. స్టీన్‌స్ట్రప్ దీన్ని స్క్విడ్ అన్నాడు. తర్వాతి వాళ్లలో కొందరు సీల్ అన్నారు, కొందరు ఏంజెల్ షార్క్ అన్నారు. స్క్విడ్ మీద పరిశోధన చేసినవాడికి స్క్విడ్ కనిపించడంలో వింతేమీ లేదు. కానీ డెన్మార్క్ 1536లోనే మత సంస్కరణను స్వీకరించింది, మఠాల కాలం చెల్లిపోయింది. అలాంటి దేశపు నీళ్లలో దొరికినది సన్యాసిలాగే ఎందుకు కనిపించింది? ఈ ప్రశ్నకు ఏ జంతువు పేరూ జవాబు కాదు.

రాక్షసి పుట్టని సందర్భం కూడా ఒకటి చూడండి. క్రీ.పూ. 325లో అలెగ్జాండర్ నౌకాధిపతి నియార్కస్ సింధు ముఖద్వారం నుంచి పడమరకు మక్రాన్ తీరం వెంట వెళుతుంటే, సముద్రంలోంచి నీరు చిమ్ముతూ పైకి లేచింది. తెడ్లు వేసేవాళ్ల చేతుల్లోంచి తెడ్లు జారిపోయాయి. ఏమిటని అడిగితే దారి చూపేవాళ్లు తిమింగలాలని చెప్పారు. నియార్కస్ ఓడలను యుద్ధానికి వెళ్లినట్టు వరుసగా నిలిపి, కేకలు వేయిస్తూ, బాకాలు ఊదిస్తూ ముందుకు నడిపించాడు. అవి మునిగి, ఓడల వెనుక మళ్లీ తేలాయి. ఈ కథ అరియన్ రాసిన ఇండికాలో ఉంది. జంతువు అదే, భయం అదే. పక్కన ఎరిగినవాడు ఉన్నాడు కాబట్టి అది ఐతిహ్యం కాలేదు, ప్రయాణ వృత్తాంతంగా మిగిలింది.

మన భాషలో వ్యవహారం తిరగబడింది. తిమి అనే మహామత్స్యాన్ని మింగేది తిమింగిలం, దాన్నీ మింగేది తిమింగిలగిలం. మహాభారతంలోని సముద్రంలో తిమింగిలాలు మకరాల పక్కనే తిరుగుతాయి. ఆ పురాణ జీవి పేరునే బడి పుస్తకాల్లో నిజమైన జంతువుకు పెట్టుకున్నాం. పాలిచ్చే ఆ ప్రాణి చేపే కాదు. చాలా పెద్ద తిమింగలాలు మింగేది వేలెడంత రొయ్యల్నీ, చిన్న చేపల్నీ. పేరు కుదిరినంత మాత్రాన పుట్టుక కూడా కుదిరిందని రాయకండి. ఐతిహ్యం నుంచి జంతువుకు పేరు రావడం వేరు, జంతువు నుంచి ఐతిహ్యం రావడం వేరు.

తర్వాతి భాగానికి వెళ్లే ముందు ఒక అభ్యాసం. మీ ఇంట్లోనో, మీకు తెలిసిన తీరప్రాంతపు ఊళ్లోనో, చెరువు దగ్గరైనా సరే, నీళ్లలోని వింత ప్రాణి గురించి ఒక పెద్దవారిని అడిగి, వారి మాటల్లోనే రాసుకోండి. ఎవరు చూశారు, ఎంత దూరం నుంచి చూశారు, అప్పుడు ఏం పని చేస్తున్నారు, ఆ తర్వాత ఏం చేశారు, అన్నీ రాయండి. జంతువు ఏదన్నది మాత్రం రెండు పేజీలు నిండాకే రాయండి.