ఫైలు ఎవరి చేతిలో నున్నది?

హైదరాబాదు నుండి ముంబయి వైపు పోవు రాజమార్గముపై రామచంద్రాపురము, పటాన్‌చెరు, ఇస్నాపూరు, కంది, సంగారెడ్డి వరుసగా వచ్చును. రామచంద్రాపురములో 1960 దశకమున భారీ విద్యుత్ పరికరముల కర్మాగారము వెలసినది. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ స్థాపింపబడినది. 2008లో ఆరంభమైన హైదరాబాదు ఐ.ఐ.టి. మొదట ఎద్దుమైలారములో నడచి, తరువాత కంది చేరినది. పాశమైలారము, బొల్లారము ప్రాంతములలో మందుల కర్మాగారములు బారులు తీరినవి. ఒకచోట టర్బైను, ఒకచోట జొన్న విత్తనము, ఒకచోట మాత్ర. పనులు వేరైనను వీటి లెక్కలన్నియు నేడు కంప్యూటరు ఫైళ్లలోనే నిలుచుచున్నవి. కావున “ఈ ఫైలును ఇప్పుడు ఎవరు వాడుచున్నారు?” అను ప్రశ్నకు ఆపరేటింగ్ సిస్టములు ఎట్టి సమాధానము చెప్పుచున్నవో పరిశీలించుట అవసరము.

ఒక మందుల పరీక్షాగారమును ఊహింతము. అక్కడ క్రొమటోగ్రాఫు యంత్రము మందు నమూనాను విడదీసి, ఏ పదార్థ మెంత కలదో రేఖాచిత్రముగా ఫైలులో వ్రాయుచుండును. అమెరికాకు మందు లమ్మువారికి ఆ దేశపు ఔషధ నియంత్రణ సంస్థ ఎలక్ట్రానిక్ రికార్డులపై 1997లో ప్రకటించిన నియమములు వర్తించును. 2018లో ఆ సంస్థ సమాచారపు విశ్వసనీయతపై మార్గదర్శకములను కూడ వెలువరించినది. మొదటి కొలత యథాతథముగా, సంపూర్ణముగా నిలువవలెనని వాటి సారాంశము. ఇక రాత్రివేళ నకళ్లు తీయు ప్రోగ్రాము వచ్చును. పరీక్ష సాగుచున్నది గనుక ఫైలు తెరచియుండును. ప్రోగ్రాము “వాడుకలో నున్నది” అని వ్రాసికొని ముందుకు పోవును. ఆ వ్రాతను ఎవరును చదువరు. మరునాడు డిస్కు చెడినచో ఆ కొలత ఇక లేదు. ప్రశ్న చిన్నదే గాని దాని వెనుక ఒక మందు యొక్క నమ్మకము కలదు.

అసలు వాడుక యన నేమి? ఒక ప్రోగ్రాము ఫైలును తెరచినపుడు, వ్యవస్థకు కేంద్రమైన కెర్నెల్ దానికి ఒక సంఖ్య నిచ్చి, ఆ సంగతిని తన పట్టికలో నమోదు చేసికొనును. మూసినపుడు ఆ నమోదును కొట్టివేయును. కెర్నెల్ దృష్టిలో వాడుక యన నింతే. మనుష్యుని దృష్టిలో వాడుక వేరు. నోట్‌పాడు వంటి ప్రోగ్రాము ఫైలును చదివి వెంటనే మూసివేయును. తెరపై అక్షరములు కనబడుచునే యుండును, కెర్నెల్ మాత్రము “ఎవరును వాడుట లేదు” అనును. దినమంతయు ఒక్క అక్షరమును వ్రాయక తెరచి యుంచిన ఫైలును “వాడుకలో నున్నది” అనును. రెండు సమాధానములును నిజమే, రెండును అడిగినవానిని తప్పుదారి పట్టింపగలవు.

విండోస్ సంప్రదాయమున, ఫైలు తెరచువాడే ఇతరులకు చదువుటకు, వ్రాయుటకు, తుడిచివేయుటకు అనుమతి కలదో లేదో ముందుగా చెప్పవలెను. ఆ అనుమతికి విరుద్ధముగా వచ్చినవానికి 32వ సంఖ్య గల దోష సూచన లభించును. ఇందలి గుణము రక్షణ. లోపమేమన, కాదనుటయే గాని అడ్డుపడిన దెవరో ఆ సూచన చెప్పదు. ఈ కొరతను మార్క్ రస్సినోవిచ్ రచించిన హ్యాండిల్, ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ అను సాధనములు చాలకాలము తీర్చినవి. విస్టాతో వచ్చిన రీస్టార్ట్ మేనేజర్ ద్వారా, ఒక ఫైలును పట్టుకొన్న ప్రోగ్రాముల జాబితాను అధికారికముగానే అడుగవచ్చును. అయితే అది పుట్టినది క్రొత్త సాఫ్ట్‌వేరు నెక్కించునపుడు అడ్డు వచ్చు ప్రోగ్రాములను మూసి తిరిగి తెరచుటకు. అందువలన ఫైలు పేరిచ్చిన పలుకును గాని ఫోల్డరు పేరిచ్చిన పలుకదు.

యూనిక్సు సంప్రదాయము దీనికి భిన్నము. అందులో పేరు వేరు, ఫైలు వేరు. ఒకరు వాడుచుండగనే మరియొకరు పేరును తుడిచివేయవచ్చును. వాడువాడు మూయువరకు ఫైలు బ్రతికియే యుండును. ఫైళ్లు తుడిచినను డిస్కులో చోటు పెరుగలేదని నిర్వాహకులు విస్తుపోవుటకు తరచు ఇదియే కారణము. లినక్సులో ప్రతి ప్రోగ్రాము తెరచిన ఫైళ్లు ‘ప్రోక్’ అను డైరెక్టరీలో కనబడును. విక్టర్ ఏబెల్ రచించిన ‘ఎల్‌సాఫ్’, దానికి తోడుగా ‘ఫ్యూజర్’ ఆ పట్టికలను వెదకి చెప్పును. ఈ బహిరంగత మెచ్చదగినది. కాని సామాన్య వినియోగదారునికి ఇతరుల ప్రోగ్రాముల వివరములు సాధారణముగా కనబడవు. అట్టివాడు అడిగినపుడు జాబితా ఖాళీగా వచ్చినచో ఎవరును లేరని యర్థము కాదు. అతనికి కనబడినవారు లేరని మాత్రమే.

తాళముల విషయము మరింత విచిత్రము. సంగారెడ్డి బస్టాండులో కిటికీ నుండి సీటుపై రుమాలు వేయుట అందరు నెరిగినదే. రుమాలును గౌరవించువారున్నంతవరకే అది తాళము. లినక్సు తాళములు ఈ జాతివే. అడిగి నడచు ప్రోగ్రాములను మాత్రమే అవి ఆపును. బలవంతపు తాళము ఒకటి ఉండెడిది గాని, నమ్మదగినది కాదని 2021లో 5.15 కెర్నెల్ నుండి దానిని తొలగించిరి.

అన్నిటికంటె పెద్ద దోషము ఏ ఒక్క సాధనమునకును చెందినది కాదు, ప్రశ్నలోనే కలదు. బయటనుండి కిటికీలో చూచి సీటు ఖాళీ యని నిశ్చయించి, చుట్టు తిరిగి తలుపు చేరులోపల వేరొకడు కూర్చుండును. అట్లే “వాడుకలో లేదు” అను జవాబు వచ్చుటకును, దాని నాధారము చేసికొని ఫైలును తాకుటకును నడుమ కొన్ని మిల్లీసెకన్లు గడచును. ఆ లోపల మరియొక ప్రోగ్రాము దానిని తెరువవచ్చును. ముందడిగి తరువాత చేయు ప్రోగ్రాము పరీక్షలో వందసార్లు సరిగా నడచి, పని ఒత్తిడి గల రాత్రి ఒక్కసారి తప్పును. ఇట్టి తప్పు పట్టుటకు కష్టము గనుకనే ప్రమాదకరము.

నెట్‌వర్కు చేరినపుడు చిక్కు మరియు పెరుగును. ఒక యంత్రములో అడిగిన సాధనము ఆ యంత్రపు పట్టికనే చూచును. ఫైలు ఉమ్మడి సర్వరులో నున్నచో ప్రక్క గదిలోని కంప్యూటరు దానిని తెరచినట్లు దీనికి తెలియదు. విండోస్ సర్వరు తన వద్ద తెరచిన ఫైళ్ల జాబితా నుంచుకొనును గాని, ఎన్.ఎఫ్.ఎస్. మూడవ కూర్పులో తెరచుట యను వ్యవహారమే సర్వరునకు చేరదు.

అట్లయిన ఈ సాధనములు నిరుపయోగములా? కావు. వాటి స్థానము వేరు. ముందు వేరొకరిని రానీయని అనుమతితో ఫైలును తెరచుటకు ప్రయత్నింపవలెను. ఈ పద్ధతిలో చూచుటయు పట్టుటయు ఒక్క క్రియయే. లభింపనిచో, అపుడు “ఎవరు పట్టుకొనిరి?” అని అడిగి, ఆ పేరును మనుష్యునికి తెలుపవలెను. పట్టుకొన్న ప్రోగ్రామును బలాత్కారముగా ఆపుట పరీక్షాగారమున తగదు. సగము వ్రాసిన కొలత, వ్రాయని కొలతకంటె హీనము. నకళ్ల కొరకు డిస్కు యొక్క క్షణచిత్రము తీయు పద్ధతులు, విండోసులో షాడో కాపీ, లినక్సులో ఎల్.వి.ఎం. వంటివి, ఉన్నవి. వాటితో తెరచిన ఫైలును సైతము గ్రహింపవచ్చును. వ్రాయు ప్రోగ్రాము కూడ సహకరించి తన సమాచారమును డిస్కునకు చేర్చినపుడే ఆ చిత్రము పరిపూర్ణము.

ఆపరేటింగ్ సిస్టము ఇచ్చు జాబితా సాక్షి వాఙ్మూలము వంటిది. జరిగిన దేమో తెలిసికొనుటకు అది పనికివచ్చును. జరుగబోవుదానికి హామీ పడదు. పటాన్‌చెరు పరీక్షాగారములలో రాత్రి విడిచిన ఫైళ్ల పేర్లు ఉదయమున ఒక బాధ్యుని బల్లపైకి చేరునట్లు ఏర్పాటు చేసినచో, ఏ సాధనమును తీర్పలేని కొరత చాలవరకు తీరును.