నేల మోగాలి

ఐర్లండ్ నాట్యం అనగానే చాలామందికి గుర్తొచ్చేది ‘రివర్‌డాన్స్’. 1994 ఏప్రిల్ 30న డబ్లిన్‌లో యూరోవిజన్ పాటల పోటీ జరుగుతుంటే, విరామంలో ఏడు నిమిషాల పాటు సాగిన నాట్యం అది. సంగీతం బిల్ వీలన్‌ది. ముందు జీన్ బట్లర్, మైకేల్ ఫ్లాట్లీ. వెనక వరసకట్టిన బృందం. ఆ వరసలో చేతులు కదలవు, నడుము వంగదు, కాళ్లు మాత్రం క్షణం నిలవవు. ఆ ఏడు నిమిషాలే మరుసటి ఏడాదికి పూర్తి నిడివి ప్రదర్శనగా పెరిగి దేశదేశాలు తిరిగాయి. అద్భుతమే, కాదనను. అయితే ఆ వైభవం వెనక అసలు సంగతి కొంత మరుగున పడింది. ఇది ఇళ్లలో, వంటగది నేల మీద, ఒక్క మనిషి అడుగుల చప్పుడు చెవులారా వినడానికి పెరిగిన నాట్యం.

దుకాణాల్లో ‘సెల్టిక్ సంగీతం’ అని చీటీ అంటించి ఐర్లండ్, స్కాట్లండ్, ఫ్రాన్స్‌లోని బ్రిటనీ, కెనడాలోని కేప్ బ్రెటన్, అన్నిటినీ ఒకే అరలో పెడతారు. దేని బాణీ దానిదే. నేను ఐర్లండ్ దాటి వెళ్లను.

అక్కడి వాద్య బాణీల్లో ఎక్కువ భాగం కాళ్ల కోసం కట్టినవే. ‘జిగ్’ నడక తిశ్రం తెలిసిన చెవికి ఇట్టే పట్టుబడుతుంది: తకిట తకిట, రెండు మూళ్లు. ‘స్లిప్ జిగ్’లో మూడు మూళ్లు. ‘రీల్’ది చతురశ్రం, పరుగు నడక. ‘హార్న్‌పైప్’ కూడా చతురశ్రమే గాని, నిదానంగా, ఒక అక్షరం మీద ఆగి మరో అక్షరాన్ని దాటేస్తూ సాగుతుంది. కార్క్, కెర్రీ కౌంటీలు కలిసేచోట స్లీవ్ లూఖ్రా అనే ప్రాంతం ఉంది. అక్కడివాళ్లకు పోల్కాలు, స్లైడ్‌లు అనే రకాలు ప్రాణం.

రకం ఏదైనా చట్రం సాధారణంగా ఒకటే. ఎనిమిది ఆవర్తాల మొదటి భాగం రెండుసార్లు, ఎనిమిది ఆవర్తాల రెండో భాగం రెండుసార్లు, వెరసి 32. వట్టి సంగీతంగా వింటే ఈ పునరుక్తి విసుగనిపించవచ్చు. నాట్యం తోడైతే అందులోని కిటుకు తెలుస్తుంది. ఎనిమిది ఆవర్తాల అడుగుల కూర్పును ‘స్టెప్’ అంటారు. దాన్ని కుడికాలితో ఎత్తుకుని ముగిస్తారు. ఆ భాగం మళ్లీ మొదలుకాగానే అదే కూర్పును ఎడమకాలితో ఎత్తుకోవాలి. కుడికాలికి వచ్చిన విద్య అంతా ఎడమకాలికీ వచ్చి తీరాలన్నమాట.

రీల్, స్లిప్ జిగ్‌లకు మెత్తని పాదరక్షలు. హార్న్‌పైప్‌కు గట్టి బూట్లు. వాటి కొన దగ్గర, మడమ దగ్గర దిమ్మలుంటాయి, ఇప్పుడు ఎక్కువగా ఫైబర్‌గ్లాస్‌వి. ‘ట్రెబుల్’ అనే అడుగులో పాదాన్ని ముందుకు విసురుతూ ఒక చప్పుడు, వెనక్కి లాగుతూ ఇంకొకటి, దించుతూ మూడోది. మూడూ కలిసిపోకుండా విడివిడిగా వినపడాలి. చేతులు ఎందుకు బిగపడతారంటే మాత్రం ఎవరి కథ వారిది. చర్చి కట్టుబాటని ఒకరు, ఇళ్లు ఇరుకని మరొకరు. ఏదీ రుజువు కాలేదు.

పడమటి తీరం కొనమారాలో ‘షాన్ నోస్’ అనే పాత పద్ధతి ఉంది. చేతులకు స్వేచ్ఛ, పాదం నేలను అంటిపెట్టుకునే ఉంటుంది, అడుగులు అప్పటికప్పుడు అల్లుకుంటారు. తలుపు ఊడదీసి నేల మీద పరిచి దానిపై ఆడిన రోజులున్నాయి. అడుగు బాగా మోగాలని నేలలో రాతిపలకల కింద గుర్రపు పుర్రెలు పాతేవారని ఊళ్లలో పెద్దలు చెప్పగా జానపద పరిశోధకులు రాసిపెట్టారు. ధ్వని కోసం ఇల్లు కట్టేటప్పుడే ఇంత ఆలోచించిన జనం!

ఈ సంగతి తెలిస్తే వాద్యకారుల పనితనం కూడా అర్థమవుతుంది. ఇలన్ పైప్స్‌ను నోటితో ఊదరు. ఒక మోచేయి కింద తిత్తిని ఆడిస్తూ, రెండో మోచేతి కింది సంచిలోకి గాలి నింపుతారు. ఆ పైప్స్ మీదైనా, వేణువు మీదైనా, ఫిడేలు మీదైనా ముఖ్యమైన అలంకారం ‘రోల్’. ఒక దీర్ఘ స్వరాన్ని పట్టి, పై స్వరాన్ని ఒకసారి, కింది స్వరాన్ని ఒకసారి రెప్పపాటులో తాకి, దాన్ని మూడు ముక్కలు చేస్తారు. మన గమకం స్వరాన్ని ఊపుతుంది, జారుస్తుంది. రోల్ దాన్ని దెబ్బలుగా విడగొడుతుంది. నర్తకి ట్రెబుల్‌కు వాద్యంలో జోడు ఇదే. ఇక బౌరాన్ అనే చర్మవాద్యం బృందాల్లో స్థిరపడింది 1960ల్లో, సంగీతకర్త షాన్ ఓ రీడా దాన్ని కచేరీకి తెచ్చాకే. అంతకుముందు తాళం బాధ్యత చాలాచోట్ల కాళ్లదే.

ఈ అడుగులు నేర్పినవాళ్లు ఊరూరా తిరిగే నాట్య గురువులు. 1770ల్లో ఐర్లండ్ చుట్టివచ్చిన ఆంగ్లేయుడు ఆర్థర్ యంగ్, పేదల గుడిసెల్లో సైతం పైపర్‌నో అంధ ఫిడేలు కళాకారుడినో వెంటబెట్టుకుని ఈ గురువులు నేర్పడం చూశాడు. మూడు నెలలకు రుసుము ఆరు పెన్నీలు. 1935 నాటి డాన్స్ హాళ్ల చట్టం నాట్యాన్ని లైసెన్సుకు కట్టేసింది. మతగురువుల ఒత్తిడీ తోడై ఇళ్లలో ఆడుకునే వేడుకలు సన్నగిల్లాయి. ఆ పాటికే వలసపోయినవాళ్లు బాణీలను అమెరికాలో కాపాడుతున్నారు: షికాగో పోలీసు అధిపతిగా పనిచేసిన ఫ్రాన్సిస్ ఓ నీల్ 1903లో 1,850 బాణీలు అచ్చువేశాడు, స్లైగోకు చెందిన మైకేల్ కోల్‌మన్ న్యూయార్క్‌లో ఇచ్చిన ఫిడేలు రికార్డులు సముద్రం దాటి స్వదేశానికే పాఠాలయ్యాయి. దానివల్ల స్లైగో బాణీ దేశమంతా అల్లుకుని, మిగతా ఊళ్ల తీరులు కొన్ని వెనకబడ్డాయి. రికార్డు చేసిన మేలుతోపాటు ఈ నష్టాన్నీ లెక్కలో వేయాలి.

పైపర్ విల్లీ క్లాన్సీ 1973లో కన్నుమూశాడు. ఆ ఏడాదే ఆయన పేర క్లేర్ కౌంటీలోని మిల్టౌన్ మాల్బేలో మొదలైన వేసవి బడి నేటికీ జూలైలో నడుస్తోంది. అంతదూరం వెళ్లలేనివారికి డబ్లిన్‌లోని ఐరిష్ సంప్రదాయ సంగీత భాండాగారం ఎన్నో పాత రికార్డింగులను ఇంటర్నెట్‌లో ఉచితంగా వినిపిస్తోంది. పెద్ద బృందాల జోలికి తర్వాత వెళ్లండి. ముందు ఒక్క ఫిడేలు, ఒక్క జత కాళ్లు ఉన్న రికార్డు వెతికి, కళ్లు మూసుకుని వినండి.