బాండికూటు: వ్యుత్పత్తి, అర్థవిచారము

ఆంగ్లభాషలోని బాండికూటు శబ్దము తెలుఁగు పందికొక్కునుండి పుట్టినదని నిఘంటుకర్తలు చెప్పుదురు. 1886లో వెలువడిన యూలు, బర్నెలుల హాబ్సన్-జాబ్సన్ నిఘంటువునందును నిట్లే కలదు. ఈ వ్యుత్పత్తికి బలమేమి, దాని వ్యాప్తి యెంతవఱకు అను రెండంశములు విచార్యములు.

కొక్కనఁగా నెలుక. వినాయకునకుఁ గొక్కురౌతను పేరుండుటయే యిందుకు సాక్ష్యము. మేని బలుపునుబట్టియు, కోపించినపుడు పందివలె గుఱగుఱలాడుటనుబట్టియు నీ జంతువునకుఁ బందికొక్కను పేరు తగియున్నది. దీనినే తమిళులు పెరుచ్చాళి యనియు, కన్నడులు హెగ్గణ యనియు వ్యవహరింతురు. ఆ పేళ్లలోఁ బందిమాట లేదు. కావున నాంగ్లపదమునకుఁ దెలుఁగే మూలమనుట యుక్తము.

పకారము బకారమెట్లయ్యెను? ద్రుతముమీఁది పరుషము సరళమగును గనుక “చూచెనుఁ బందికొక్కును” వంటి ప్రయోగమే కారణమని యెవరైన ననవచ్చును. అది చమత్కారమే కాని సమాధానము కాదు. పరదేశీయులు పదమును గ్రహించినది జనుల నోటినుండి కాని ప్రబంధములనుండి కాదు. ఆంగ్లేయులు పదాదిపకారమును హకారపు టూఁదుతోఁ బలుకుదురు. ఊఁదులేని తెలుఁగు పకారము వారి చెవికి బకారమువలె వినఁబడును. ఇఁక కొక్కు కూటగుట: కూటను నీటిపక్షిపేరు ఆంగ్లమున మున్నే కలదు. వినని మాటను విన్న మాటగా మలఁచుకొనుట లోకస్వభావము గాన నిందును నట్లే జరిగెనని యూహింపఁదగును.

వ్యుత్పత్తి యిట్లు కుదిరినను నర్థము వేఱుదారిఁ బోయినది. 18వ శతాబ్దాంతమున నాంగ్లేయు లాస్ట్రేలియాలో వాఁడిమూతి జంతువు నొకదానిని జూచి, రూపసామ్యముచే దానికిని నీ పేరే పెట్టిరి. అది మూషికజాతిది కాదు. కడుపుసంచిలోఁ బిల్లలను బెంచునది. పురుగులను, దుంపలను త్రవ్వి తినునది. 1873లో గ్రే పండితుఁడు మన పందికొక్కు గణమునకు బాండికోటా యని శాస్త్రనామ మొసఁగెను. అయినను, నేఁ డాంగ్లేయులు విశేషణములేక బాండికూటన్నచో నా సంచిజంతువే సాధారణముగా స్ఫురించును. మనదానికి బాండికూట్ ర్యాట్ అని యెలుకపదము చేర్చి చెప్పుదురు.

కాఁబట్టి యాస్ట్రేలియా జంతువర్ణనమును దెలిఁగించువారు, మూలము మనదేకదా యని పందికొక్కని వ్రాసినచోఁ దప్పగును. బాలుఁడు దానిని గాదెలోని ధాన్యముఁ దినిపోవు నెలుకగా నెంచును. యోగముకంటె రూఢి బలవత్తరము. అచ్చట బాండికూటనియే యుంచి, సంచిజంతువని వివరించుట మేలు. పదమునకుఁ దెలుఁగు పుట్టినిల్లు. మెట్టినింట దానికి వేఱొక సంసార మేర్పడినది. పుట్టినింటివా రా రెంటిని నెఱుఁగుట మర్యాద.