అరువు ఎముక

బైక్ ప్రమాదంలో కాలి ఎముక నుజ్జై, మధ్యలో రెండు మూడు సెంటీమీటర్లు ఖాళీ మిగిలిపోతే మేం చేసేది నేటికీ అరువు వ్యవహారమే. తుంటి అంచున కోసి, లోపలి మెత్తటి ఎముకను క్యూరెట్‌తో గీకి తీస్తాం. నెత్తురు పట్టిన ఆ ముక్కలు స్టీలు గిన్నెలో ఆరిపోకుండా సిస్టర్ తడి గాజుగుడ్డ కప్పుతుంది. వాటిని తీసుకెళ్లి ఖాళీలో కూరతాం. రౌండ్స్‌కి వెళ్తే పేషెంటు "కాలు పర్లేదు సార్, మీరు కోసిన తుంటే ప్రాణం తీస్తోంది" అంటాడు. అయినా దీన్ని మించింది ఇంకా రాలేదు.

మధ్యలో మూలకణాల మీద ఆశ పెట్టుకున్నాం. పెట్టిన కణాల్లో చాలా భాగం కొద్ది రోజుల్లోనే చచ్చిపోతాయి. విచిత్రంగా, జంతువుల్లో ఎముక మాత్రం పెరుగుతుంది! పోతూ పోతూ అవి వదిలే తిత్తుల మీదికి అందరి చూపూ మళ్లింది అందుకే. వాటిలో ఎక్సోసోములనేవి 30 నుంచి 150 నానోమీటర్లు. లోపల ప్రొటీన్లు, మైక్రో ఆర్‌ఎన్‌ఏలు ఉంటాయి. చుట్టుపక్కల కణాలు వాటిని లోపలికి తీసుకుని రక్తనాళాలు వేయడానికి, ఎముక కట్టడానికి పూనుకుంటాయి.

1980ల్లో మాంట్రియల్‌లో రోజ్ జాన్‌స్టన్ వీటిని ముదరని గొర్రె ఎర్రకణాల్లో గమనించినప్పుడు, కణం అక్కర్లేనిది బయట పడేసుకుంటోందనే అనుకున్నారు. నాకు అంతకన్నా 1967 నాటి ముచ్చట ఇష్టం. పెరిగే మృదులాస్థిని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి క్లార్క్ ఆండర్సన్, ఎర్మానో బొనూచీ విడివిడిగా చూశారు. కణాల బయట చిన్న తిత్తులున్నాయి. ఖనిజం తొలి స్ఫటికాలు కనబడింది వాటి దగ్గరే. అవి ఎక్సోసోములు కావు, దాయాదులు. కానీ ఎముకకు తిత్తులతో పని కొత్తేమీ కాదన్నమాట.

చిక్కంతా తయారీలో ఉంది. కణాలు పెంచిన ద్రవాన్ని భూమ్యాకర్షణకు లక్ష రెట్ల బలంతో గంటకు పైగా తిప్పితే, గొట్టం అడుగున కంటికి ఆనీ ఆనని మరక మిగులుతుంది. అందులో తిత్తులెన్నో, వాటితోపాటు వచ్చిపడ్డ ప్రొటీనెంతో! రెండు బ్యాచులు ఒకేలా రావు. ఉత్తినే సూదితో ఇస్తే నిలవవు కాబట్టి జెల్‌లోనో, సిరామిక్ దిమ్మలోనో పట్టించి పెడుతున్నారు. ఎలుక పుర్రెలో తనంతట తాను మానని రంధ్రం అలా పూడుతోంది. బరువు మోసే మనిషి కాలు వేరే లెక్క.

మొన్న ఓ పెద్దాయన కొడుకు ఫోన్‌లో ఎక్సోసోమ్ ఇంజెక్షన్ ప్రకటన చూపించి, "నాన్నకి ఇది వేయించేద్దామా సార్?" అన్నాడు. ఏ కణాల నుంచి తీశారో, ఎవరు అనుమతిచ్చారో ఇద్దరం కలిసి వెతికాం. ఎక్కడా లేదు. వద్దన్నాను. ఇలాంటి అనుమతి లేని సరుకు వాడి నెబ్రాస్కాలో కొందరు రోగులు తీవ్రంగా జబ్బుపడ్డాకే, 2019 డిసెంబరులో అమెరికా ఎఫ్‌డీఏ జనాన్ని హెచ్చరించాల్సి వచ్చింది.